అమ్మ బావి నీళ్లు

వికారాబాద్,
9 ఫిబ్రవరి 1959

తమ్ముడు పాండురంగానికి అక్క సుమిత్రమ్మ దీవెనలు.

ఇక్కడ మేమంతా బాగున్నామని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నిజానికి మీ బావగారికి మోకాళ్ల నొప్పులు. దుకాణంలో కూర్చుంటే లేవలేరు, లేస్తే కూర్చోలేరు. నాకు మాత్రం నోరు దివ్యంగా ఉందని ఆయన సర్టిఫికెట్ ఇచ్చారు.

నిన్న ఆదివారం మా కిషన్ పొద్దుటి బండికి వచ్చి సాయంత్రం బండికి నీ దగ్గరికి తిరిగి వెళ్లాడు. ఉన్న కాసేపట్లో వాడి చొక్కాలు ఉతికాను. మొదటి నీళ్లు గంజిలాగా చిక్కగా దిగాయి. రెండో నీళ్లూ అంతే. కొడుకు చొక్కా ఉతుకుతున్నానా, సున్నం తొట్టి కడుగుతున్నానా అనిపించింది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద ముద్దకూ దగ్గు. "ఏందిరా గీ దగ్గు?" అంటే, "ఏం లేదమ్మా, చలికి" అన్నాడు. మిట్టమధ్యాహ్నం చెమటలు తుడుచుకుంటూ చెప్పాడు ఆ మాట.

నీ రాళ్ల పాలిష్ కార్ఖానాలో వాణ్ణి సూపర్‌వైజర్‌గా పెట్టుకున్నావు. రేపటి అల్లుడు, పని నేర్చుకోవాలి, కాదనను. కానీ కొండ మీది క్షయ దవాఖానకు దారి మా వీధి నుంచే కదా. ఇదివరకు ఆ దారిన ఎక్కడెక్కడి వాళ్లో పోయేవాళ్లు. ఈ ఏడాది ఏ ఊరని అడిగితే తాండూరు అనేవాళ్లు ఎక్కువయ్యారు. నీ కార్ఖానాలో వెనక ఉన్న పాలిష్ చక్రం మీద పనిచేసే జంగప్ప కూడా వచ్చాడు. వాడి భార్య ఇంద్రమ్మ మా అరుగు మీద కూర్చుని సగం కన్నడంలో, సగం తెలుగులో ఏడ్చింది. మజ్జిగ ఇచ్చి ఊరడించాను. దవాఖానలో డాక్టరు ఆమెతో అన్నాడట: "రాయికి నీళ్లు తాపితే మనిషికి ఊపిరాడుతది." తడిపిన రాయి మీద చక్రం తిరిగితే దుమ్ము లేవదట తమ్ముడా. అంతే కిటుకు.

నీ కార్ఖానా గోడ పక్కనే అమ్మ తవ్వించిన బావి ఉంది. ఎండాకాలంలో కూడా ఎండదు. అక్కడినుంచి ఒక గొట్టం వేయించరాదా?

ఇంకో మాట. రాధకూ కిషన్‌కూ తాంబూలాలు పుచ్చుకుని ఏడాది దాటింది. వైశాఖంలో ముహూర్తం పెట్టించు. నా మేనకోడలు ఇంకా నీ ఇంట్లో ఎందుకు? మరదలు కస్తూరిని అడిగానని చెప్పు.

అక్క
సుమిత్రమ్మ


తాండూరు,
16 ఫిబ్రవరి 1959

అక్కకు పాండురంగం నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. తెరిచిన ఉత్తరం అందింది అనాలి. కవరు మూత సగం ఊడి ఉంది. పోస్ట్‌మన్ బిచ్చయ్యను నిలదీస్తే "ఎండకు గోందు ఊడింది సేట్, నేనేం జేస్త" అన్నాడు. మన ఊళ్లో ఎండ ఉత్తరాలు కూడా చదువుతున్నట్టుంది. ఇకమీదట కార్ఖానా సంగతులు జర చూసి రాయి.

ఇక్కడ రోజులు బాగాలేవు. పోలీసు చర్య అయిన ఏడాది మన ఇంట్లో కందుల బస్తాలు తప్ప ఏముండె? ఇవాళ స్టేషన్ చుట్టూ ఎటు చూసినా చక్రాల మోతే. కరెంటు వచ్చింది, మోటార్లు వచ్చాయి, వాటి వెనకే యూనియనూ వచ్చింది. బాల్‌రాజ్ అని ఒకడు నా గేటు ఎదురుగా టీ కొట్టు మీద బోర్డు కట్టాడు. నేను లోపలికి పోతుంటే సలాం చేస్తాడు, బయటికి వస్తుంటే నినాదం చేస్తాడు.

గురువారం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మర్యాదగా ఇంటికి పిలిచి భోజనం పెట్టాను. కస్తూరి పూర్ణాలు చేసింది, రాధ వడ్డించింది. ఆయన అడిగి మరీ వేయించుకున్నాడు. పని అయిపోయిందనుకున్నాను. చేయి కడుక్కుని లేస్తూనే "వెనక చక్రం చూద్దాం పదండి" అన్నాడు! ఆ చక్రం కనబడకుండా గోనె పరదా కట్టించి ఉంచాను. పరదా వెనక చక్రం ఉందని ఆయనకు ఎవరు చెప్పారు? నీ కొడుకు నెలకు రెండుసార్లు వికారాబాద్ వస్తాడు. మీ అరుగు మీద రోజూ నా కూలీల పెళ్లాలు కూర్చుంటారు. నేను ఏమీ అనడం లేదు. అడుగుతున్నాను, అంతే.

ఇక బావి మాట. అది అమ్మ కరువు ఏడాది వడ్డాణం అమ్మి తవ్వించిన ధర్మబావి. పోయేముందు నా తల మీద చేయి పెట్టి చెప్పింది: "పాండూ, గీ నీళ్లు అమ్ముకోకు కొడుకా. గీ నీళ్లతోని పైస సంపాయించకు." నేను సరేనన్నాను. అందుకే మా ఇంటికి కూడా ఆ నీళ్లు తోడుకోం, ఊరివాళ్లే తోడుకుంటారు. నేను అమ్ముకునే రాయి మీద ఆ నీళ్లు పోస్తే నీళ్లు అమ్మినట్టు కాదా? అమ్మ పోయిన ఈ రెండేళ్లుగా నీకు గుర్తు రాని బావి ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చింది? తల్లి ఆస్తిలో ఆడపిల్లలకూ సమాన వాటా అని కొత్త చట్టం వచ్చిందని ఇక్కడ వకీళ్లు అనుకుంటున్నారు.

ముహూర్తం సంగతి: వైశాఖంలో నాకు తీరదు. జ్యేష్ఠంలో పిల్లలిద్దరూ తొలిచూలు వాళ్లు, చేయకూడదు. ఆషాఢం ఎట్లాగూ లేదు. తర్వాత చూద్దాం.

తమ్ముడు
పాండురంగం


వికారాబాద్,
2 మార్చి 1959

తమ్ముడికి,

ఈసారి కవరు అన్నం మెతుకులతో అతికించాను. మీ ఊరి ఎండకు ఆకలైతే తిననీ.

నీ ఉత్తరం చదివి మీ బావగారిని అడిగాను, "ఆ కొత్త చట్టం ఏందండీ?" అని. ఆయన పేపరు పక్కన పెట్టి అరగంట చెప్పారు. ఇన్నాళ్లూ నాకు తెలియని సంగతి తెలియజెప్పావు, సంతోషం. బావిలో వాటా తీసుకుని నేనేం చేసుకోను తమ్ముడా? మూటకట్టి బండిలో వేసుకుని వస్తానా? నా బిడ్డ దగ్గుతున్నాడు, రాయి తడుపు అన్నాను. దానికి నువ్వు వకీలు దగ్గరికి పోయావు. దొంగకు తలుపు చాటున నీడ కూడా పోలీసే.

అమ్మ మాట మీద నీకు అంత భక్తి ఉంటే సంతోషమే. కానీ అమ్మ బతికుండగా ఆమె చెప్పింది ఏ రోజు విన్నావు? మోటారు, గొట్టం ఖర్చు మిగిలే చోట మాత్రం అమ్మ మాట వేదవాక్కు అయింది. మరి కార్ఖానా వెనక కొత్తగా గొయ్యి తవ్విస్తున్నావట, మందుగుండు పెట్టి పేలుస్తున్నావట. ఇంకో రాతి గని తెరవడానికి డబ్బుంది, నీళ్లకు లేదు.

ఇప్పుడు నేనూ ఒక మాట అడుగుతాను. నువ్వు అడిగినట్టే, ఊరికే.

మీ ఇంట్లో నా కొడుక్కి వేరే కంచం పెట్టారట. అడుగున మేకుతో గీత గీసిన కంచం. భోజనం వరండాలో. వాడు చెప్పలేదు. "ఇంట్ల వడ్డిస్తలేదా అత్త?" అని నేను మామూలుగా అడిగితే ముఖం అటు తిప్పుకున్నాడు. పట్టి పట్టి అడిగితే బయటపడ్డది. రేపటి అల్లుడు వరండాలో కూర్చుని గీత గీసిన కంచంలో తినాలా? కస్తూరికి ఈ ఆలోచన తనంతట తనకు వచ్చిందా, నువ్వు చెప్పావా?

గుల్బర్గా నుంచి మీ ఇంటికి కారు వచ్చిందని కూడా విన్నాను. పప్పు మిల్లుల వాళ్లట. పెద్దాయన, ఆయన భార్య, పెళ్లి ఈడు కొడుకు. వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం అన్నీ నువ్వే తినేస్తుంటే ఇంత ఆకలి ఎందుకా అనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. మేనరికం వద్దంటే వద్దని నా ముఖాన చెప్పు, భరిస్తాను. నా కొడుకును రోగిష్టివాణ్ణి చేసి తప్పించుకోకు.

సుమిత్రమ్మ


తాండూరు,
10 మార్చి 1959

అక్కా,

ముఖాన చెప్పమన్నావు. చెప్తున్నాను.

కంచం నేనే వేరు పెట్టించాను. కస్తూరి తప్పు లేదు. నువ్వు క్షయ రోగుల ఆడవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి మన ఇంటి చెంబుతో మజ్జిగ పోస్తావు. ఆ ఇంటికే నీ కొడుకు వస్తాడు, ఆ చెంబుతోనే నీళ్లు తాగుతాడు, దగ్గు అంటించుకుని నా ఇంటికి వస్తాడు. దగ్గు మీ వీధి నుంచి వచ్చింది, నా చక్రం నుంచి కాదు. రాధ నాకు ఒక్కతే పిల్ల. రేపు దానికి అంటుకుంటే నువ్వు తెచ్చిస్తావా? నాకు నీ మీద కోపం లేదు. భయం ఉంది. తండ్రినై భయపడటం తప్పా?

గుల్బర్గా వాళ్లు వచ్చింది కొత్త ఇంటికి నేల రాయి కొనడానికి. మా గుమ్మంలో కారు ఆగితే నీకు వికారాబాద్‌లో ఎట్లా తెలిసింది? ఎవరు రాస్తున్నారు నీకు?

నా కార్ఖానా వెనక గొయ్యి నా ఇష్టం. దానికీ లెక్క చెప్పాలా?

ఇంకొక సంగతి. నిన్న గేటు దగ్గర మీటింగు పెట్టారు. తడి చక్రం కావాలి, ఆరు నెలలకోసారి డాక్టరు పరీక్ష కావాలి, దగ్గు వచ్చినవాణ్ణి పని తీసేయకుండా వేరే పని ఇవ్వాలి. ఇవీ డిమాండ్లు. తర్వాత బాల్‌రాజ్ బల్ల మీదికి ఎక్కి అరిచాడు: "రాయికి నీళ్లు తాపితే, మనిషికి ఊపిరాడుతది!" అందరూ అందుకున్నారు. నా చెవులు నేనే నమ్మలేదు. అది అక్షరాలా నీ ఉత్తరంలోని మాట. నా కవరు మూత ఎందుకు ఊడిందో ఇప్పుడు తెలిసింది అందామా, లేక నువ్వు నాకు ఒకటి, బాల్‌రాజ్‌కు ఒకటి రాస్తున్నావందామా?

ఇన్‌స్పెక్టరు మళ్లీ వస్తాడట. ఈసారి ఇంట్లో భోజనం లేదు.

పాండురంగం


వికారాబాద్,
18 ఏప్రిల్ 1959

తమ్ముడికి,

జంగప్ప సోమవారం పోయాడు.

నీకు కబురు వచ్చే ఉంటుంది. వచ్చినా నువ్వు ఎట్లా విన్నావో నాకు తెలియదు. బలమైన మనిషి, నిలువెత్తు బండను భుజం మీద పెట్టుకుని నడిచేవాడని ఇంద్రమ్మ చెప్పింది. కొండ మీంచి దించుకొచ్చేటప్పుడు ఇద్దరే మోశారు. ఇంద్రమ్మ ఏడవలేదు. మా అరుగు మీద కూర్చుని వాడి తువ్వాలు దులిపింది. ఇన్ని నెలల తర్వాత కూడా అందులోంచి దుమ్ము రాలింది. అది చూసి నేను ఏడ్చాను.

నువ్వు అడిగిన మాటకు జవాబు ఆమే. డాక్టరు చెప్పిన మాట ఆమె నాకు చెప్పింది, బండిలో చెప్పింది, స్టేషన్‌లో చెప్పింది, తాండూరు వచ్చి కనబడ్డ ప్రతి మనిషికీ చెప్పింది. బాల్‌రాజ్‌ను నేను ఎన్నడూ చూడలేదు. నీ పోస్ట్‌మన్ పాపం నిజంగానే ఎండను తిట్టుకున్నాడు.

కిషన్ కొన్నాళ్లు ఇక్కడే ఉంటాడు. వాడికి జర విశ్రాంతి కావాలి. కంగారు పడే పని లేదు. ఎందుకు, ఏమిటి అని అడగకు.

సుమిత్రమ్మ


తాండూరు,
29 ఏప్రిల్ 1959

అక్కా,

అడగకు అన్నావు. అడగక్కర లేకుండానే తెలిసింది.

కిషన్ ఇక్కడినుంచి వెళ్లిన రోజు పొద్దునే చక్రాలన్నీ ఆగిపోయాయి. సమ్మె. ఒక్కడూ లోపలికి రాలేదు. గేటు బయట వంట పెట్టుకున్నారు. ముందు రోజు సాయంత్రం కిషన్ ఒక్కొక్కడి దగ్గరికీ పోయి మాట్లాడటం లెక్కలు రాసే నా మునీము చూశాడు. వాళ్లకు చెప్పాల్సింది చెప్పి, తను పొద్దుటి బండెక్కి అమ్మ కొంగు చాటుకు చేరాడు. మంచి విశ్రాంతి!

సొంత మేనల్లుణ్ణి ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టాను. "ఏ కంచంలో" అని నువ్వు అంటావు, తెలుసు. ఏ కంచమైనా అన్నం నాదే. బొంబాయి వాళ్లకు పంపాల్సిన రాయి సగం పాలిష్ అయి పడి ఉంది. నువ్వు, నీ కొడుకు, ఇన్‌స్పెక్టరు, బాల్‌రాజ్ నలుగురూ కలిసి నన్ను దింపాలనుకుంటే, చివరికి బావి గట్టు మీద వాటా రాయి పాతుకోవాలనుకుంటే, కానీండి.

తాంబూలాలు తిప్పి పంపిస్తున్నాను. రాధ ఊసు ఇక ఎత్తవద్దు.

పాండురంగం


వికారాబాద్,
7 మే 1959

పాండురంగానికి,

తాంబూలాలు అందాయి. దేవుడి గూట్లో పెట్టాను. మీ బావగారు రెండు రోజులు దుకాణం తీయలేదు. మేనరికం ఎక్కడికి పోతుందిలే అని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్న మనిషి.

నేను దాచిన మాట ఇప్పుడు చెప్తున్నాను. దాచింది నీ భయానికే. కొండ మీది దవాఖానలో కొడుక్కి ఛాతీ ఫోటో తీయించారని తెలిస్తే ఏ మామ పిల్లనిస్తాడు? అందుకే నోరు మూసుకున్నాను. నోరు మూసుకుంటే సమ్మె కుట్ర అయింది.

కిషన్ వచ్చిన మర్నాడే కొండెక్కించాను. పైదాకా ఎక్కలేక మధ్యలో రాయి మీద కూలబడ్డాడు. ఇరవై మూడేళ్ల వాడు తమ్ముడా! చిన్నప్పుడు ఆ గుట్ట మీద మేకపిల్లలా ఎగిరినవాడు. డాక్టరు ఫోటో వెలుగుకు పెట్టి చూపించాడు. కఫం మూడుసార్లు పరీక్ష చేశాడు. క్షయ కాదు. పురుగు లేదు. అంటుకునేది అసలే కాదు. "ఇది రాతి దుమ్మమ్మా, ఊపిరితిత్తుల్లో కూర్చుంది. ఇప్పుడు మానితే ఇక్కడితో నిలుస్తుంది. మళ్లీ ఆ దుమ్ములోకి పోతే నా దగ్గర మందు లేదు" అన్నాడు. జంగప్పకు వచ్చిందీ ఇదే. మా ఇంటి మజ్జిగ చెంబుకు ఏ పాపమూ తెలియదు.

ఇక సమ్మె ముందు రోజు వాడు ఒక్కొక్కరి దగ్గరికి పోయి ఏం మాట్లాడాడో కూడా విను. "గీ ఆదివారం వికారాబాద్ రారి, మా అమ్మ అన్నం వెడ్తది, ఛాతీ ఫోటో దీపిస్త" అని పిలిచాడు. అదీ కుట్ర.

వాణ్ణి ఇక పంపను అని రాద్దామనుకున్నాను. వాడు వినడం లేదు. "నేను పోకుంటే నా జాగల ఇంకొకన్ని కూసుండవెడ్తడు మామ. వాడు సస్తడు. నేనైతే మామతోని కొట్లాడుత" అంటున్నాడు. సమ్మె ముగిసిన రోజే బండెక్కుతానని పెట్టె సర్దుకుని కూర్చున్నాడు. తల్లిని, కాళ్లు పట్టుకున్నాను. వాడూ నా కాళ్లు పట్టుకున్నాడు. మొండితనంలో నీ పోలికే వచ్చింది.

నీ పిల్లను అడగడం లేదు. బావి అడగడం లేదు. నా కొడుకు ఊపిరి అడుగుతున్నాను. అది నీ చేతిలో ఉంది.

సుమిత్రమ్మ


తాండూరు,
24 మే 1959

అక్కకు పాండురంగం నమస్కారాలు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. మొదట చదివినప్పుడు ఇదీ ఒక ఎత్తే అనుకున్నాను. ఫోటో నిజమా, డాక్టరు నిజమా అని వికారాబాద్ పోయే మనిషితో ఆరా తీయించాను కూడా. నిజమని తేలింది. నన్ను తిట్టు.

బొంబాయి వాళ్లు తొందర పెడుతున్నారు. కూలీలు లేరు. మిగిలిన రాయి నేనే పాలిష్ చేస్తానని పంతం పట్టి వెనక చక్రం ముందు కూర్చున్నాను. పదేళ్ల కింద నేర్చిన పనే, చేతులు మరిచిపోలేదు. గోనె పరదా వెనక గాలి ఆడదు. మధ్యాహ్నానికి నా చేతులు నాకే కనిపించలేదు. మూడో రోజు సాయంత్రం అన్నం ముందు కూర్చుంటే దగ్గు తెర వచ్చింది, ఆగలేదు. కస్తూరి పరుగున వచ్చి మంచినీళ్లు ఇచ్చింది. తను నా వైపు చూసిన చూపులో, ఇప్పుడు నా కంచానికీ గీత గీయాలా అన్న ప్రశ్న ఉంది. నేనే నేర్పాను ఆమెకు ఆ ప్రశ్న.

అప్పుడు రాధ వంటింట్లోంచి కంచం పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తిరగేసి చూపించింది. అడుగున గీత. కిషన్ వెళ్లిన రోజు నుంచి అది ఆ కంచంలోనే తింటున్నదట. వాళ్ల అమ్మ ఏడుస్తూ నా దగ్గర దాచింది. "ఏందే గిది?" అన్నాను. "బావకు ఏమన్న ఉంటే నాకు గూడ రానీ నాయనా. నువ్వు ఎవరిని ఏరువెడ్తవో చూస్త" అన్నది. ఆ తర్వాత తలవంచుకుని ఇంకో మాట చెప్పింది. ఇన్‌స్పెక్టరుకు పూర్ణం వడ్డిస్తూ "సార్, పరదా ఎనక గూడ చూడుండ్రి" అని చెప్పింది అదేనట.

నాలుగు నెలలు నేను పోస్ట్‌మన్‌ను అనుమానించాను, నిన్ను అనుమానించాను, కిషన్‌ను, మునీమును కూడా అనుమానించాను. చెప్పిన మనిషి నా పక్కనే నెయ్యి వడ్డిస్తూ ఉంది. కొట్టడానికి చేయి లేచింది. దగ్గు వచ్చి దిగిపోయింది.

వెనక గొయ్యి రాతి గని కాదక్కా. అది బావి. నీ మొదటి ఉత్తరం వచ్చిన వారానికే తవ్వించడం మొదలుపెట్టాను. యూనియన్‌కు లొంగాడంటారని ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్పడానికి పౌరుషం అడ్డొచ్చింది. ఈ నేల సంగతి తెలిసిందే, ఎంత పేల్చినా రాయి కింద రాయే. చుక్క పడలేదు.

నీళ్లున్నది అమ్మ బావిలోనే. ఖర్చుకు వెనకాడి అమ్మ మాట అడ్డం పెట్టుకున్నానని నువ్వు రాశావు. ఆ ఒక్కటి మాత్రం అన్యాయం. ఆమె చేయి నా తల మీద ఉండగా సరేనన్నాను. ఆ చేయి బరువు ఇంకా తెలుస్తుంది. నిన్న బావి దగ్గరికి పోయి మోటారు పెట్టే చోటు కూడా చూసుకున్నాను. చేయి ఆడలేదు. మాట తప్పలేను, మనిషిని చంపలేను. ఏం చేయమంటావో నువ్వే చెప్పు. చిన్నప్పుడు నా తగువులన్నీ నువ్వే తీర్చేదానివి.

నీ తమ్ముడు
పాండూ


వికారాబాద్,
1 జూన్ 1959

పాండూకు అక్క దీవెనలు.

గొయ్యి సంగతి చదివాను. నీళ్ల కోసం తవ్వుతున్నవాణ్ణి రాళ్ల కోసమని తిట్టాను. అది నా తప్పు, చెంపలు వేసుకున్నాను. గని అని మొదట చెప్పింది కిషనే, వాడి చెంప మీదా ఒకటి వేశాను. దగ్గుకు మిరియాల కషాయం తాగు. పరదా పీకించు.

రాధను కొట్టలేదు కదా? నిజం చెప్పు.

తగువు తీర్చమన్నావు, తీరుస్తున్నాను. మీ బావగారితో ఆ చట్టం మళ్లీ చెప్పించుకున్నాను, ఈసారి అరగంట కాదు, పూర్తిగా విన్నాను. ఫిబ్రవరి నుంచి నువ్వు అనుమానించిందే నిజం చేస్తున్నాను తమ్ముడా. అమ్మ వడ్డాణంతో తవ్విన బావి, అమ్మ పేర ఉన్న నేల. అందులో సగం నాది. నా సగం నాకు కావాలి. పట్వారీని పిలిచి కాగితం రాయించు.

ఎందుకో విను. అమ్మకు మాట ఇచ్చింది నువ్వు. నేను ఇవ్వలేదు, ఆమె నన్ను అడగలేదు. రాళ్లు అమ్మేది నువ్వు, నేను కాదు. నీ సగం నీళ్లు ముట్టకు, అమ్మకిచ్చిన మాట అట్లాగే ఉండనీ. నా సగం నా ఇష్టం. నేను నా నీళ్లు నీ చక్రాల మీద పోస్తాను. తడిసినందుకు నీ రాయికి పైసా ఎక్కువ రాదు. ఆ నీళ్లు రాయి కోసం కాదు, రాయి ముందు కూర్చున్నవాడి కోసం. గొంతు ఎండినవాడి కోసమే అమ్మ బావి తవ్వించింది. ఇందులో పాపం ఏమైనా ఉంటే దాన్నీ నా వాటాలో రాయించు.

ఎండలకు నీళ్లు తగ్గితే ముందు ఊరి బిందెలు, తర్వాతే చక్రాలు. నీళ్లు లేని రోజు చక్రం తిరగకూడదు. ఇది కాగితంలో ఉండాలి. డాక్టరు పరీక్ష, దగ్గు వచ్చినవాడికి వేరే పని, ఇవి బాల్‌రాజ్‌తో కూర్చుని నువ్వే తేల్చుకో. నేను ఒక్క ఇంటి తగువే తీర్చగలను. ఇంద్రమ్మకు నీ దగ్గర దుమ్ము లేని పని ఏదో ఒకటి చూడు. అడగడానికి ఆమె రాదు, నువ్వే పోయి పిలువు.

తాంబూలాలు గూట్లోనే ఉన్నాయి. శ్రావణంలో ముహూర్తం చూడు, ఈసారి నెలలు తినకు. పెళ్లి సామానులో వెండి ఏం పెట్టినా పెట్టకపోయినా ఆ గీత కంచం మాత్రం రాధతో పంపు. మా ఇంట్లో అందరం వంతులవారీగా అందులో తింటాం. మొదటి వంతు నువ్వు వచ్చినప్పుడు నీదే.

మోటారు బిగించగానే ఒక్క కార్డు ముక్క రాసి పంపు. మర్నాడు పొద్దుటి బండికి నేనూ కిషనూ వస్తాం. సంతకం పెట్టడానికి మాత్రమే కాదు. వాణ్ణి స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి నేను ఒక్కదాన్నే కార్ఖానాకు వస్తాను, వెనక చక్రం తిప్పించి రాయి మీద చేయి పెట్టి చూస్తాను. నీ మీద నమ్మకం లేక కాదు అని రాద్దామనుకున్నాను. అబద్ధం ఎందుకు? నా చేయి తడిస్తేనే నా కొడుకును రమ్మని కబురు చేస్తాను.

అక్క
సుమిత్రమ్మ